బోర్డు కాలిపోతే విండోస్ కూడా పోవాలా?

2025 అక్టోబరు 14తో విండోస్ 10కు భద్రతా అప్‌డేట్లు ఆగిపోవడంతో, ఏడెనిమిదేళ్ళుగా నమ్మకంగా పనిచేస్తున్న లాప్‌టాప్‌ను పక్కన పెట్టి కొత్తది కొనవలసి వచ్చినవాళ్ళు మనలో చాలామందే ఉన్నారు. కంప్యూటర్ల సంగతి కాస్త తెలిసినవాడినని బంధువర్గంలో నాకు పేరుండటం వల్ల, అప్పటినుంచి నన్ను తరచుగా అడుగుతున్న ప్రశ్న ఒకటి ఉంది: పాత లాప్‌టాప్‌తోపాటు వచ్చిన ఒరిజినల్ విండోస్‌ను కొత్తదాంట్లోకి మార్చుకోవచ్చా? ఒప్పందం ప్రకారమైతే ఒక్క మాటలో చెప్పవచ్చు, కుదరదు. ఆ కుదరకపోవడం న్యాయమేనా అని అడిగితే మాత్రం ఒక్క మాటలో తేలదు.

నేను చివరికి చేరుకున్న అభిప్రాయాన్ని ముందే చెబుతాను. కంప్యూటర్ పనిచేస్తున్నంతకాలం దానితో వచ్చిన లైసెన్స్ దానితోనే ఉండాలన్న నియమంలో, మొదట చూసినప్పుడు కనిపించేదానికన్నా ఎక్కువ న్యాయమే ఉంది. కానీ కంప్యూటర్ పూర్తిగా చెడిపోయాక, ఆ లైసెన్స్ కూడా దానితోపాటే చెల్లిపోయిందనడం అన్యాయం. ఈ రెండింటినీ ఒకే నియమంగా కట్టేసి అమ్మడమే ఇక్కడున్న చిక్కంతా.

బోర్డులో ఉన్న తాళం

విడిగా డబ్బు పెట్టి కొన్న రిటైల్ విండోస్‌ను ఒక కంప్యూటర్ నుంచి తీసేసి, మన సొంతానికే చెందిన మరో కంప్యూటర్‌లో వేసుకోవచ్చు. కంపెనీ నుంచే లాప్‌టాప్‌లో వేసి వచ్చిన ఓఈఎం విండోస్‌కు ఆ వీలు లేదు. లాప్‌టాప్‌ను అమ్మినా, ఎవరికైనా ఇచ్చినా, దానితోపాటు లైసెన్స్ కూడా వెళ్తుంది తప్ప విడిగా కదలదు. పైగా, అలా వచ్చిన విండోస్ 10ను ఉచితంగా 11కు అప్‌గ్రేడ్ చేసుకున్నా కూడా అదే కట్టుబాటు కొనసాగుతుందని ఒప్పందంలో స్పష్టంగా రాసి ఉంటుంది.

విండోస్ 7 రోజుల్లో లాప్‌టాప్ అడుగున ఒక స్టిక్కర్ ఉండేది, దాని మీద విండోస్ ఒరిజినలేనని రుజువు చేసే 25 అక్షరాల కీ. ఒళ్ళో పెట్టుకుని వాడే లాప్‌టాప్ వేడికీ రాపిడికీ రెండేళ్ళలో ఆ అక్షరాలు చెరిగిపోతాయని, జాగ్రత్తపరులు కొన్న రోజునే దాని మీద పారదర్శకమైన టేపు అంటించేవారు. 2012లో విండోస్ 8 వచ్చినప్పటినుంచి ఆ కీని మదర్‌బోర్డు (భాగాలన్నిటినీ కలిపే ప్రధాన బోర్డు) మీది ఫర్మ్‌వేర్‌లోనే, అంటే బోర్డులోనే ఇమిడి ఉండే ప్రాథమిక సాఫ్ట్‌వేర్‌లోనే, రాసి పంపుతున్నారు. ఫార్మాట్ కొట్టి మళ్ళీ విండోస్ వేసినా కీ అడగకుండానే యాక్టివేట్ కావడానికి కారణం ఇదే. మీ లాప్‌టాప్‌లో ఉన్నది ఏ రకమో చూడాలంటే, రన్ పెట్టెలో ఎస్‌ఎల్‌ఎంజీఆర్ అని, కాస్త ఖాళీ వదిలి వాలుగీత పెట్టి డీఎల్ఐ అని ఇంగ్లీషు అక్షరాల్లో (slmgr /dli) కొట్టండి. చిన్న కిటికీ ఒకటి తెరుచుకుని, కీలోని చివరి అయిదు అక్షరాలతోపాటు ఓఈఎం_డీఎం చానెల్ అనో రిటైల్ చానెల్ అనో చూపిస్తుంది. కొన్న నాటినుంచి ఆ కిటికీని ఒక్కసారైనా తెరిచి చూసినవాళ్ళు ఎంతమంది ఉంటారు? తాము కొన్నది ఏ రకమో వారికి చూపించే చోటు అది.

మెమరీ మార్చవచ్చు, డిస్కు మార్చవచ్చు, తెర మార్చవచ్చు, లైసెన్స్‌కు ఏమీ కాదు. మదర్‌బోర్డు మారితే మాత్రం అది కొత్త కంప్యూటర్ కింద లెక్క. దీనికి ఒక మినహాయింపు ఉంది: బోర్డులో లోపం వచ్చి, తయారీ కంపెనీ వారంటీ నిబంధనల ప్రకారం అదే మోడల్ బోర్డో దానికి సమానమైనదో వేస్తే లైసెన్స్ నిలుస్తుంది. ఈ మినహాయింపును గుర్తుపెట్టుకోండి, ముందుముందు అవసరం పడుతుంది.

సిమ్ కార్డుతో పోలిక

మా తోడల్లుడి కొడుకు ఇంజనీరింగ్ చదువుతున్నాడు. వాడి లాప్‌టాప్ బోర్డు కాలిపోయింది, కొత్త బోర్డు ఖరీదు విన్నాక బాగు చేయించే ఆలోచన మానుకుని, నాలుగు డబ్బులు కలిసొస్తాయని, విండోస్ లేకుండా డాస్‌తో వచ్చే మోడల్ కొన్నాడు. పాత లాప్‌టాప్‌లోని ఎస్ఎస్‌డీని తీసి కొత్తదాంట్లో బిగిస్తే విండోస్ చక్కగానే తెరుచుకుంది, కానీ కొంతసేపటికి తెర కుడివైపు కింది మూలన, యాక్టివేట్ చేసుకోమనే బూడిదరంగు అక్షరాలు వచ్చి కూర్చున్నాయి. "పెదనాన్నా, ఫోను పగిలిపోతే సిమ్ తీసి ఇంకో ఫోన్లో వేసుకుంటాం కదా, నంబరు పోదుగా, మరి ఇదెందుకు పోవాలి?" అన్నాడు.

వాడికి జవాబు చెప్పడానికి నాకు కొంత సమయం పట్టింది. సిమ్‌కు నెలనెలా డబ్బు కడతాం కాబట్టి ఆ ఖాతా మన పేరు మీద ఉంటుంది, ఫోను దానికి ఒక ఆసరా మాత్రమే. విండోస్‌కు ఒక్కసారే కట్టాం, అదీ లాప్‌టాప్ ధరలో కలిపి, ఎంతో తెలియకుండా కట్టాం. కాబట్టి పోలిక సరిగ్గా అతకదని చెప్పాను. చెప్పానే గానీ, ఒక్కసారి కట్టి శాశ్వతంగా కొన్నదానికి నెలనెలా కట్టేదానికన్నా తక్కువ హక్కు ఉండటమేమిటన్న ప్రశ్న నాలోనే మిగిలిపోయింది.

ఆ తర్వాత జరిగినది ఇంకా ఆలోచింపజేసింది. మేమిద్దరం రిపేరు కుర్రాడి దగ్గరకు వెళ్ళి సంగతి చెబితే, అతను తలెత్తకుండానే, "అది బోర్డులోనే ఉంటుందండీ, బోర్డు పోతే కీ పోయినట్టే. కావాలంటే ఆరు వందలకు లైఫ్‌టైమ్ కీ ఇస్తాను సార్, ఒరిజినలే" అన్నాడు. ఇలాంటి చవక కీలు ఎక్కడినుంచి వస్తాయో తెలిసినవారికి తెలుసు: ఏదో సంస్థకు దాని కంప్యూటర్లన్నిటికీ కలిపి ఇచ్చిన వాల్యూమ్ కీని వందలమందికి పంచిపెట్టినవి కొన్ని, తుక్కుకు పోయిన కంప్యూటర్ల నుంచి తీసినవి కొన్ని. అవి ఈరోజు యాక్టివేట్ అవుతాయి, రేపు నిలుస్తాయో లేదో చెప్పలేము. తాను డబ్బు కట్టిన లైసెన్స్‌ను వాడుకోవడానికి వీల్లేని కుర్రవాడికి, ఎవరో పోగొట్టుకున్న లైసెన్స్‌ను కొనుక్కునే వీలు మాత్రం బజారులో ఆరు వందలకే దొరుకుతోంది.

పన్ను వేసేటప్పుడు అది సరుకే

"నీకు అమ్మింది సాఫ్ట్‌వేర్ కాదు, దాన్ని వాడుకునే అనుమతి మాత్రమే" అన్నది కంపెనీల ప్రధాన వాదన. ఈ మాట విన్నప్పుడల్లా నాకు మన ఆంధ్రప్రదేశ్ కేసే గుర్తుకొస్తుంది. డబ్బాల్లో అమ్మే తయారు సాఫ్ట్‌వేర్ మీద రాష్ట్ర ప్రభుత్వం అమ్మకం పన్ను వేస్తే, అది మేధోసంపత్తే గానీ సరుకు కాదని టాటా కన్సల్టెన్సీ సర్వీసెస్ వాదించింది. వ్యవహారం సుప్రీంకోర్టు దాకా వెళ్ళి, 2004 నవంబరులో రాజ్యాంగ ధర్మాసనం రాష్ట్రం వైపు తీర్పు చెప్పింది. ఉపయోగం ఉండి, కొనడానికీ అమ్మడానికీ వీలై, ఒకరి నుంచి ఒకరికి బదిలీ చేయడానికీ, నిల్వ చేసుకోవడానికీ, స్వాధీనంలో ఉంచుకోవడానికీ పనికివచ్చేదేదైనా సరుకే అన్నది ఆ తీర్పు సారాంశం. బదిలీ చేయగలగడం ఆ కొలతలోనే ఉన్న సంగతి గమనించండి. పన్ను కట్టించుకోవడానికి పనికివచ్చిన ఆ లక్షణం, పన్ను కట్టినవాడు తన కొత్త లాప్‌టాప్‌కు మార్చుకుంటానంటే ఎక్కడికి పోతుంది?

ఇది కాస్త దూకుడైన వాదన అని నాకూ తెలుసు. పన్ను చట్టంలో సరుకైనంత మాత్రాన, కాపీరైట్ చట్టం కింద ఒప్పందంలో పెట్టుకున్న షరతులు చెల్లకుండా పోవు. అయితే కాపీరైట్ చట్టంలోనూ ఒక ఆసక్తికరమైన మార్పు జరిగింది. 1994 సవరణ ప్రకారం, కంప్యూటర్ ప్రోగ్రాం కాపీని అమ్మే హక్కు, ఆ కాపీ అంతకుముందు ఎన్నిసార్లు అమ్ముడుపోయినా సరే, కాపీరైట్ యజమానిదే. ఇంతకుముందు అమ్ముడుపోయినా సరే అన్న అర్థం వచ్చే ఆ మాటలను 1999 సవరణలో తీసేశారు. ఒకసారి అమ్మిన కాపీ మీద యజమాని పట్టు అక్కడితో ముగుస్తుందన్న సూత్రానికి దీనివల్ల బలం వచ్చింది. సాఫ్ట్‌వేర్ కొనుగోళ్ళకు విదేశీ కంపెనీలకు చెల్లించే సొమ్ము రాయల్టీ అవుతుందా కాదా అన్న వివాదంలో, 2021 మార్చిలో ఇంజనీరింగ్ అనాలిసిస్ కేసు తీర్పు చెబుతూ సుప్రీంకోర్టు ఈ మార్పును కూడా చర్చించి, అది రాయల్టీ కాదని తేల్చింది. అదీ ఆదాయపు పన్ను వ్యవహారమే, మన ప్రశ్నకు నేరుగా జవాబు కాదు. కానీ సాఫ్ట్‌వేర్ అమ్మకాన్ని అమ్మకంగానే చూసే ధోరణి మన న్యాయస్థానాల్లో ఉందని చెప్పడానికి సరిపోతుంది.

జర్మనీలో ఉన్నవారికి వేరే నియమం

బద్ధకించకుండా విండోస్ ఒప్పందంలోని బదిలీ పేరా దాకా చదివితే ఒక విచిత్రమైన వాక్యం తగులుతుంది. జర్మనీలోనూ, తాము జాబితాలో ఇచ్చిన మరికొన్ని దేశాల్లోనూ సాఫ్ట్‌వేర్‌ను కొన్నవారికి ఈ బదిలీ నిబంధనలు వర్తించవని, అక్కడ మరొకరికి బదిలీ చేయాలంటే స్థానిక చట్టం ప్రకారమే చేయాలని మైక్రోసాఫ్ట్ తానే రాసుకుంది.

దీని వెనుక చరిత్ర ఉంది. ఓఈఎం సాఫ్ట్‌వేర్‌ను కంప్యూటర్‌తో సంబంధం లేకుండా విడిగా అమ్మినవారిని కాపీరైట్ పేరుతో అడ్డుకోలేరని 2000 జులైలో జర్మనీ అత్యున్నత సివిల్ న్యాయస్థానం తీర్పిచ్చింది, ఆ కేసులో ఓడింది మైక్రోసాఫ్టే. తర్వాత 2012 జులై 3న వాడిన లైసెన్స్‌లు అమ్మే యూస్డ్‌సాఫ్ట్‌కూ సాఫ్ట్‌వేర్ కంపెనీ ఒరాకిల్‌కూ మధ్య వ్యాజ్యంలో ఐరోపా న్యాయస్థానం ఇంకో అడుగు ముందుకు వేసి, డబ్బు తీసుకుని కాలపరిమితి లేకుండా ఇచ్చిన లైసెన్స్ అమ్మకంతో సమానమేనని, దాన్ని కొన్నవారు తిరిగి అమ్ముకోవచ్చని, అయితే అమ్మేవారు తమ దగ్గరున్న కాపీని పనిచేయకుండా చేయాలని చెప్పింది. పాత కాపీ నిజంగా తీసేశారో లేదో ఎలా తెలుస్తుందన్న ప్రశ్నకు కూడా ఆ తీర్పులో జవాబు ఉంది: ప్రొడక్ట్ కీల వంటి సాంకేతిక ఏర్పాట్లు కంపెనీల చేతిలోనే ఉన్నాయి కదా అంది న్యాయస్థానం.

అమెరికాలో గాలి ఇందుకు ఎదురుగా వీచింది. 2010లో వెర్నర్, ఆటోడెస్క్ కేసులో అక్కడి తొమ్మిదో సర్క్యూట్ అప్పీలు కోర్టు, ఒప్పందంలో లైసెన్స్ అని చెప్పి బదిలీ మీద గట్టి ఆంక్షలు పెడితే కొన్నవాడు యజమాని కాడని, అనుమతి పొందినవాడు మాత్రమేనని తేల్చింది. ఇప్పటికి మనకు వచ్చే విండోస్ లాప్‌టాప్‌లన్నీ ఈ అమెరికా దృష్టితో రాసిన ఒప్పందంతోనే వస్తున్నాయి. ఐరోపాలో కూడా అంతా కొనుగోలుదారు పక్షమే అనుకోకండి. విండోస్ లేకుండా అదే మోడల్ అమ్మకపోవడం, విండోస్ ధర విడిగా చూపకపోవడం తమంతట తామే అన్యాయమైన వ్యాపార పద్ధతులు కావని 2016 సెప్టెంబరులో సోనీ మీద వేసిన ఒక కేసులో అదే ఐరోపా న్యాయస్థానం చెప్పింది. ఆ తీర్పు నాకు నచ్చలేదు, ఎందుకో చివర్లో చెబుతాను.

సెకండ్‌హ్యాండ్ లాప్‌టాప్ కొనే పిల్లల మాట

ఇక్కడిదాకా చదివినవారు, లైసెన్స్ ఎప్పుడైనా ఎక్కడికైనా మార్చుకునే స్వేచ్ఛ ఉండాలని నేను అంటానని అనుకోవచ్చు. నాకూ చాలాకాలం అలాగే అనిపించేది. ఆ వాదనను బలహీనపరిచింది కంపెనీల తర్కం కాదు, సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని సీటీసీ వంటి కంప్యూటర్ బజార్లు.

ఐటీ కంపెనీలు మూడు నాలుగేళ్ళు వాడి వదిలించుకున్న లాప్‌టాప్‌లు అక్కడికి లాట్లు లాట్లుగా వస్తాయి. డిప్లొమా చదివే పిల్లలు, పోటీ పరీక్షలకు కోచింగ్ తీసుకునేవాళ్ళు, ఊళ్ళలో మీసేవా కేంద్రాలు పెట్టుకునేవాళ్ళు కొనేవి ఎక్కువగా ఇవే. వాటిలో విండోస్ మళ్ళీ వేసిన వెంటనే కీ అడగకుండా యాక్టివేట్ అవుతుంది, ఎందుకంటే లైసెన్స్ బోర్డును వదిలి ఎక్కడికీ పోలేదు. ఆ లైసెన్స్‌ను మొదటి యజమాని తనతో తీసుకుపోయే వీలు ఉండి ఉంటే ఏమయ్యేది? పది వేల లాప్‌టాప్‌లు మార్చే సంస్థ పది వేల లైసెన్స్‌లనూ కొత్తవాటికి తరలించుకునేది, సెకండ్‌హ్యాండ్ బజారుకు ఖాళీ లాప్‌టాప్‌లు వచ్చేవి, వాటిలో క్రాక్ చేసిన విండోస్ పడేది. అంటే, ఇప్పుడున్న కట్టుబాటు వల్ల ధనవంతుడైన మొదటి యజమానికి కలిగే నష్టం, పేదవాడైన రెండో యజమానికి లాభంగా మారుతోంది. కంపెనీ దీన్ని దయతో చేయలేదు, కానీ ఫలితం మాత్రం అదే. ఈ ప్రతివాదానికి నా దగ్గర సమాధానం లేదు, అందుకే దాన్ని ఒప్పుకుంటున్నాను.

ధర సంగతి కూడా ఉంది. అమెరికాలో విండోస్ 11 హోమ్ రిటైల్ ధర 139 డాలర్లు. లాప్‌టాప్ కంపెనీ కట్టేది అందులో చిన్న భాగమేనని అందరూ అనుకునేదే. ఆ తగ్గింపు ఊరికే రాదు, కదలకూడదన్న షరతు మీద వస్తుంది. ఆ షరతును తెలిసి ఒప్పుకున్నవాడికి ఫిర్యాదు చేసే హక్కు లేదనే అంటాను. తెలిసి అన్న మాట దగ్గరే నా అభ్యంతరం.

చచ్చిన కంప్యూటర్‌కు వారసుడు ఎవరు?

ఇప్పుడు కాలిపోయిన బోర్డు సంగతికి వద్దాం. సెకండ్‌హ్యాండ్ వాదన ఇక్కడ పనిచేయదు, ఎందుకంటే ఈ కంప్యూటర్‌ను కొనే రెండో యజమాని ఉండడు. లైసెన్స్ దానితోనే ఉండటం వల్ల మేలు కలిగేవాడు ఒక్కడూ లేడు. తిరిగి మరో లైసెన్స్ అమ్ముకునే కంపెనీని మినహాయిస్తే. తగ్గింపు ధర వాదన కూడా పూర్తిగా పనిచేయదు. ఒక కంప్యూటర్‌లో వాడుకోవడానికి డబ్బు కట్టాం, ఇప్పటికీ అడుగుతున్నది ఒక కంప్యూటర్‌లోనే.

మోసం జరుగుతుందన్న భయం సహేతుకమే. బోర్డు పోయిందని అబద్ధం చెప్పి రెండు కంప్యూటర్లలో వాడేవారు ఉంటారు. అయితే విండోస్ 10 వచ్చినప్పటినుంచి, యాక్టివేట్ అయిన ప్రతి కంప్యూటర్ గుర్తింపూ కంపెనీ సర్వర్లలో నమోదై ఉంటోంది, మైక్రోసాఫ్ట్ ఖాతాకు దాన్ని జతచేసుకునే వీలు కూడా 2016 నుంచి ఉంది. పాత బోర్డు గుర్తింపును సర్వర్‌లో రద్దు చేస్తే, అది ఎప్పుడైనా లేచి కూర్చున్నా యాక్టివేట్ కాదు. వారంటీలో బోర్డు మార్చినప్పుడు లైసెన్స్ కొత్త బోర్డుతో ఇప్పటికే కొనసాగుతోంది. వారంటీ చివరి రోజున పోయిన బోర్డుకు సాధ్యమైనది మర్నాడు పోయినదానికి అసాధ్యం కావడానికి సాంకేతిక కారణం ఏమీ కనిపించదు. ఇంకా గట్టి రుజువు కావాలంటే, 2023 ఏప్రిల్ 1 నుంచి మన దేశంలో అమల్లో ఉన్న ఈ-వ్యర్థాల నిబంధనల కింద నమోదైన రీసైక్లర్లు ఉన్నారు. పాత కంప్యూటర్‌ను అక్కడ అప్పగించినట్టు రసీదు చూపించినవారికే బదిలీ ఇస్తామన్నా నాకు అభ్యంతరం లేదు. తుక్కు సామాన్లవాడికి కిలోల లెక్కన పోయే బోర్డుల్లో కొన్నయినా సరైన చోటికి చేరతాయి.

విండోస్ 10 గడువు ముగియడంతో బోర్డు పోకుండానే పనికిరాకుండా పోయిన కంప్యూటర్ల తరగతి ఒకటి కొత్తగా పుట్టింది. విండోస్ 11కు టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ కావాలి, ఇంటెల్ అయితే దాదాపుగా ఎనిమిదో తరం ప్రాసెసర్ లేదా ఆ పైది కావాలి. విండోస్ 10 లైసెన్స్ ఉన్నవారికి 11 ఉచితమే. కాబట్టి లైసెన్స్‌కు అర్హత ఉంది, కంప్యూటర్‌కు లేదు. అర్హత ఉన్న కంప్యూటర్ కొని అందులోకి తెచ్చుకుందామంటే లైసెన్స్ కదలదు. అదనపు భద్రతా అప్‌డేట్లు ఇంకో ఏడాది, 2026 అక్టోబరు దాకా పొందే ఏర్పాటు చేశారు గానీ, అది వాయిదా మాత్రమే. మీ కంప్యూటర్ మా కొత్త సాఫ్ట్‌వేర్‌కు పనికిరాదని తేల్చేదీ, మీ లైసెన్స్ ఆ కంప్యూటర్‌ను వదలకూడదని చెప్పేదీ ఒకే కంపెనీ అయినప్పుడు, కనీసం ఈ తరగతికైనా చచ్చిన కంప్యూటర్‌కు ఇవ్వవలసిన వెసులుబాటే ఇవ్వాలి.

బిల్లులో ఒక వరుస

నా దగ్గరున్న లాప్‌టాప్ బిల్లు తీసి చూశాను. మోడల్ పేరు, సీరియల్ నంబరు, పద్దెనిమిది శాతం జీఎస్టీ, మొత్తం. విండోస్ అన్న మాట మోడల్ వివరాల్లో ఒక మూల ఉంది, దాని ధర లేదు, అది ఈ కంప్యూటర్‌ను దాటి కదలదన్న షరతు అసలే లేదు. ఆ షరతు మనకు మొదటిసారి ఎదురయ్యేది, డబ్బు కట్టి ఇంటికి తెచ్చి, ఆన్ చేసి, అంగీకరిస్తున్నానన్న బటన్ ముందు కూర్చున్నప్పుడు. అంగీకరించకపోతే తయారీదారు విధానం ప్రకారం వాపసు ఇవ్వవచ్చని, అందుకు కంప్యూటర్ మొత్తాన్నీ తిరిగి ఇవ్వవలసి రావచ్చని అక్కడే రాసి ఉంటుంది. ఇటలీలో ఒక వినియోగదారుడు వాడని విండోస్ డబ్బు వెనక్కి ఇమ్మని లెనోవో మీద పట్టుపట్టి, 42 యూరోల కోసం మొదలుపెట్టిన పోరాటంలో 2020 డిసెంబరులో మోంజా న్యాయస్థానం నుంచి 20,000 యూరోల పరిహారం తెచ్చుకున్నాడు. అంత ఓపిక అందరికీ ఉండదు, ఉండాలని ఆశించడమూ తగదు.

సోనీ తీర్పు నాకు ఎందుకు నచ్చలేదో ఇక్కడ అర్థమవుతుంది. తగ్గింపు ధరకు బదులుగా షరతు పెట్టామని వాదించేటప్పుడు, ఆ ధర ఎంతో చెప్పనవసరం లేదనడం ఎలా కుదురుతుంది? బేరంలో ఒక పక్షానికి మాత్రమే తెలిసిన అంకెను అడ్డుపెట్టుకుని రెండో పక్షం ఒప్పుకుందనడం నాకు మింగుడుపడదు. మన 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో అన్యాయమైన ఒప్పందం అన్న భావన కొత్తగా చేరింది, వినియోగదారుణ్ణి నష్టపరిచే అసమంజసమైన షరతులను రాష్ట్ర కమిషన్‌లో ప్రశ్నించవచ్చు. కాలిపోయిన లాప్‌టాప్‌లోని లైసెన్స్ కోసం ఎవరైనా అంత దూరం వెళ్తారా అంటే, వెళ్ళరనే అనుకుంటాను. లాయరు ఫీజు ముందు లైసెన్స్ ధర ఎంత? అందుకే ఇది ఒక్కొక్కరూ కమిషన్ మెట్లెక్కితే తేలేది కాదు. విండోస్ ఖరీదు, అది రిటైలా ఓఈఎమా, కంప్యూటర్ చెడిపోతే ఏమవుతుంది అన్న మూడు సంగతులను బిల్లు మీద ఒక వరుసలో ముద్రించమని వినియోగదారుల వ్యవహారాల శాఖ ఆదేశిస్తే చాలు. ఆ వరుస చూసి డాస్ మోడల్ కొని లినక్స్ వేసుకునేవాడు వేసుకుంటాడు, రిటైల్ కొనేవాడు రిటైల్ కొంటాడు, చవక కాబట్టి కదలకపోయినా ఫర్వాలేదనుకునేవాడు ఓఈఎమే తీసుకుంటాడు. మా తోడల్లుడి కొడుకు మాత్రం ప్రస్తుతానికి ఉబుంటు అనే లినక్స్ వేసుకుని, కాలేజీ ల్యాబ్ సాఫ్ట్‌వేర్ ఒకటి అందులో నడవక తంటాలు పడుతున్నాడు.